సర్వ అడుగున ఉప్పు

ఉప్పల్లో "నాకు తెలియదు" అనే మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. ఎవరినైనా దారి అడిగి చూడండి. ఆయన ముందు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు, తర్వాత ఆకాశం వైపు చూస్తాడు, ఆ తర్వాత చేయి చాచి "జర ముందుకు పోండి" అంటాడు. మీరు అడిగింది పోస్టాఫీసైనా, పంక్చరు షాపైనా, ఫంక్షన్ హాలైనా, అన్నీ జర ముందుకే ఉంటాయి. ఒకసారి ఆ మాట నమ్మి రింగురోడ్డు దగ్గర బయల్దేరినవాణ్ణి ఘట్‌కేసర్ బోర్డు కనబడేదాకా పోయాను. నేను వెతుకుతున్న టైలరు మా వీధి చివరే ఉన్నాడు. తెలియకపోతే తెలియదనడానికి అడ్డమేమిటని అడిగితే, ఎదుటి మనిషిని ఉత్తచేతులతో పంపడం బాగుండదు కదా అని ఒకాయన నాకే సర్దిచెప్పాడు.

మెట్రో కోసం ఉప్పల్ రోడ్డు నడుమ గుంతలు తవ్వి, చుట్టూ రేకులు నిలబెట్టిన రోజులవి. నాచారం నుంచి మా అమ్మానాయినలను ఆటోలో ఎక్కించుకుని గుండె డాక్టరు దగ్గరికి బయల్దేరాను. దారిలో కొందరిని అడిగాను. ఎవరూ నిరాశపరచలేదు. ఆస్పత్రి ముందు నుంచే అటొకసారి ఇటొకసారి పోయి, మూడోసారి ఆటో చెడిపోయి ఆగడం వల్ల దాన్ని కనుక్కోగలిగాం.

నాయిన ఆ రోజు నా చెప్పులు వేసుకుని వచ్చాడు. ఆయన చెప్పులు ఆయనకే పట్టడం మానేసి కొన్నాళ్లయింది. ఎందుకని అడిగితే, "చెప్పులు గుంజుకున్నయిరా" అనేవాడు. తోలు చెప్పులు ఎండకు గుంజుకుంటాయేమోనని నేనూ నమ్మాను. ఆయనవి రబ్బరు చెప్పులన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

డాక్టరు నాయిన పాదం మీద బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట పడింది. అది పూడేదాకా మేం అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. గుండె కొంచెం అలసిందని, ఒంట్లో నీరు నిలుస్తోందని, మాత్రలు రాస్తానని, అయితే మాత్రల కంటే ముందు ఉప్పు సంగతి తేలాలని ఆయన చెప్పాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఇంట్లో ఉప్పు ఎక్కువ వాడతారామ్మా?" అన్నాడు.

అమ్మ కొంగు సర్దుకుంది. "మా ఇంట్ల ఉప్పు ఎంతుండాల్నో అంతే ఉంటది సారూ."

దొంగతనం అంటగట్టినా ఆమె అంతకంటే నెమ్మదిగానే జవాబిచ్చి ఉండేది. డాక్టరు కాగితం మీదికి తల దించుకున్నాడు. తొక్కులు, అప్పడాలు, మిక్చరు బంద్. రోజు మొత్తానికి, అన్ని వంటల్లో కలిపి, చిన్న చెంచాలో సగం ఉప్పు. చివరికి నన్ను చూసి, ఉప్పు తగ్గాలి కానీ తిండి తగ్గకూడదు, ఈ వయసులో ఒంట్లో బలం పోతే తిరిగి తేవడం కష్టం అన్నాడు. వినడానికి చాలా తేలికగా ఉంది. తలూపి వచ్చేశాను.

ఇక్కడ మా అమ్మ ముక్కు గురించి చెప్పాలి.

అమ్మ వండుతూ రుచి చూడదు. చూస్తే ఎంగిలవుతుంది. వండినది మొదట దేవుడి పటం ముందుకు, ఆ తర్వాత నాయిన పళ్లెంలోకి పోవాలి. మధ్యలో తన నాలుకకు పని లేదు. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, వాసన. గరిటెతో కొంచెం ఎత్తి, మొహం దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసి, ఒక్కసారి పీలుస్తుంది. "జర పడాలె" అంటుంది, లేకపోతే "అయింది" అంటుంది. మూడో తీర్పు లేదు. జనగామ వైపు మా చుట్టాల్లో ఈ ముక్కుకు పెద్ద పేరుంది. పెళ్లిళ్లలో ఈమెను ప్రత్యేకంగా పిలిచి గుండిగల ముందు నిలబెట్టేవారు. ఆమె వాసన చూసి "అయింది" అని అటు తిరగగానే, పెద్ద వంటాయన గుండిగలోకి ఇంకో పిడికిలి ఏదో విసిరేవాడు. అది ఆయన అలవాటనుకునేవాణ్ణి.

ఉప్పుకు వాసన ఉండదని నేను బీఎస్సీలో చదివాను. కెమిస్ట్రీ చదివి ఇన్సూరెన్సు ఆఫీసులో చేరినవాణ్ణి కాబట్టి ఆ సబ్జెక్టులో నాకు మిగిలిన కొద్ది ఆస్తుల్లో అదొకటి. ఆ ముక్క ఇంట్లో చెప్పాను కూడా.

"మీ కాలేజీల ఉప్పుకు ఉండదేమో" అంది అమ్మ.

ఈ ముక్కు మీద గౌరవంతో మా ఇంట్లో భోజనాల దగ్గర ఉప్పు పెట్టే ఆచారం లేదు. వడ్డించాక పైనుంచి ఉప్పు అడగడమంటే వండిన చేతిని నిలదీయడమే. ఎవరూ అడగలేదు. నాయిన అసలే అడగలేదు. ఆయన ఏం తిన్నా ఒక్కటే మాట, "మంచిగనే ఉంది." కాకపోతే ఆయనకు ముద్ద ముద్దకూ తొక్కు కావాలి. పప్పులోకి తొక్కు, చారులోకి తొక్కు, చివరికి వంకాయ కూరలోకి కూడా మామిడికాయ తొక్కు. కొందరి నాలుక అంతే అనుకునేవాళ్లం.

నా భార్యది గోదావరి వైపు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమె ఆవకాయ జాడీ వచ్చి పళ్లెం పక్కన స్థిరపడింది. ఆమె కూడా అంతే, ఏది వడ్డించినా ముందు ఆవకాయ కలిపేది. బయట ఉద్యమం మంచి జోరు మీద ఉంది. రోజూ పేపర్లలో రెండు ప్రాంతాల గొడవే. ఆ సమయంలో ఇంట్లో ఆవకాయ మీద చర్చ పెట్టడం బాగుండదని, అది వాళ్ల ప్రాంతపు అలవాటని, అలవాట్లను గౌరవించాలని మేం అందరం ఎవరికి వాళ్లం నిర్ణయించుకున్నాం. నా సంగతి అడిగితే, హాస్టల్లో ఉన్నన్నాళ్లూ మెస్సు తిండి నాకు ఉప్పు కషాయంలా తోచేది. మిగతావాళ్లు లొట్టలేసుకుంటూ తినేవాళ్లు. పాపం, నాలుకలు మొద్దుబారాయి అనుకునేవాణ్ణి.

నాయిన నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. చివరి రోజున లాకరు ఖాళీ చేసి ఇంటికి తెచ్చిన సంచిలో ఒక తాళం, అరిగిన సబ్బు, స్టీలు గ్లాసు, ఒక చిన్న డబ్బా ఉన్నాయి. డబ్బాలో ఉప్పు. ఇదేందని అమ్మ అడిగితే, గొంతు పుక్కిలించడానికి అన్నాడు. ఫ్యాక్టరీలో దుమ్ము ఉంటుంది కదా. ఇన్నేళ్లు గొంతునొప్పి ఓర్చుకున్నాడు కానీ నాకొక్క మాట చెప్పలేదు అని అమ్మ చాలా రోజులు బాధపడింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం అమ్మ కొత్త చట్టం తెచ్చింది. సగం చెంచా లెక్క ఆమెకు నచ్చలేదు. ఆమె ముక్కుకు సరిపోయింది, సరిపోలేదు అనే రెండే తెలుసు, కొంచెం అనే మధ్య మెట్టు లేదు. కాబట్టి మొత్తానికే బంద్ అంది. ఒక పొయ్యి మీద రెండు వంటలు వండదు కాబట్టి ఆ బంద్ ఇంటిల్లిపాదికీ వర్తించింది. తొక్కు జాడీలు అటక ఎక్కాయి. నా భార్య తన జాడీని ఎవరూ చెప్పకుండానే అక్కడి నుంచి తీసేసింది. అది ఆమె ఆఫీసు టేబుల్ సొరుగులో కాపురం పెట్టిందని నాకు తర్వాత తెలిసింది. నేనూ ఊరుకోలేదు. ఆఫీసు నుంచి వస్తూ ఉప్పల్ డిపో దగ్గర మిర్చీబండి మీద రోజూ ఆగి, ఇంటికి వచ్చి ఆకలిగా లేదు అనేవాణ్ణి. కుటుంబం మొత్తం ఒకే తిండి తింటోందన్న తృప్తి అమ్మకు మిగిలింది.

ఆ పప్పు గురించి ఏం చెప్పను. మా బోరు నీళ్లకు అంతకంటే రుచి ఉండేది.

నాయిన మొదటి రోజు "మంచిగనే ఉంది" అని సగం తిని లేచాడు. తర్వాతి రోజుల్లో మాట అదే ఉంది, తిండి తగ్గుతూ పోయింది. ముద్ద చేసి, పళ్లెం అంచు దాకా దొర్లించి, మళ్లీ మధ్యకు తెచ్చి, దాన్నే చూస్తూ కూర్చునేవాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. కొన్నాళ్లకు ప్యాంటు మానేసి లుంగీలో ఉండిపోయాడు. మెట్లు ఎక్కి వచ్చి, మా డాబా మీద నుంచి రైలు పోవడం చూడటం ఆయనకు రిటైర్మెంటు పని. అది కూడా మానేశాడు. రైళ్లు ఏం కొత్తగా వస్తున్నాయి అనేవాడు.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన పాదం నొక్కి సంతోషించాడు. తర్వాత తూకం చూసి, వాపుతో పాటు మనిషీ తగ్గాడు అన్నాడు. ఇంకో పదిహేను రోజులు ఇలాగే తినకపోతే, ఆస్పత్రిలో పెట్టుకుని గొట్టం వేసి తినిపించాల్సి వస్తుందని కూడా అన్నాడు. గొట్టం మాట అమ్మ విన్నది. ఇంటి ముందు ఆటో దిగేటప్పుడు నాతో మెల్లగా అంది.

"నా చేతి తిండి మీ నాయినకు ఎక్కుతలేదురా."

అప్పటి నుంచి ఉప్పు లేకుండా ఉప్పును ఎలా పుట్టించాలి అన్నది నాకు పట్టుకుంది. నిమ్మరసం పిండాం. చింతపండు పెంచాం. మిరియాలు దంచాం. వెల్లుల్లి ఎంత వేశామంటే, పాలు పోసేవాడు గేటు దగ్గరే గిన్నె అందుకోవడం మొదలుపెట్టాడు. నిమ్మకాయ పిండిన పప్పు మొదటి ముద్దకు ఉప్పుందేమో అన్న భ్రమ కలిగిస్తుంది, రెండో ముద్దకు ఆ భ్రమ పోతుంది. పులుపు, ఘాటు, కారం మూడూ కలిసి కూడా ఉప్పు చేసే పని చేయలేకపోవడం నాకు వింతగా ఉండేది. కారం పెంచితే నాయినకు ఎక్కిళ్లు వచ్చాయి. ఎక్కిళ్ల మధ్య కూడా మంచిగనే ఉంది అన్నాడు.

ఒకరోజు సూపర్ మార్కెట్లో సోడియం తక్కువ ఉన్న ఉప్పు ప్యాకెట్టు కనిపించింది. యుద్ధం గెలిచినట్టు తెచ్చాను. ఎందుకైనా మంచిదని డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన కంగారుగా, వద్దు వద్దు, అందులో పొటాషియం ఉంటుంది, మీ నాన్నగారు వాడే మాత్రల మీద అది పడితే గుండెకే ప్రమాదం అన్నాడు. ఫోన్ పెట్టేస్తూ, మీరు సైన్సు చదివానన్నారు కదా అని కూడా అన్నాడు. ప్యాకెట్టు చెత్తబుట్టలో వేశాను. డిగ్రీ మాత్రం ఉంచుకున్నాను.

ఈ మధ్యలోనే అమ్మ ముక్కును పరీక్షించాలనే బుద్ధి పుట్టింది. తప్పు పట్టడానికి కాదు. ఉప్పును నిజంగా వాసన పట్టగలిగితే, వాసనతోనే నాయినను మభ్యపెట్టే దారేదైనా దొరుకుతుందేమోనని. ఆదివారం పొద్దున నా భార్య పప్పు ఉడికించి మూడు గిన్నెల్లో పోసింది. ఒకదాంట్లో ఉప్పు లేదు. ఒకదాంట్లో తను పుట్టింట్లో మామూలుగా వేసేదాంట్లో సగం. మూడోదాంట్లో తను మామూలుగా వేసేంత. గిన్నెలు తారుమారు చేసి అమ్మ ముందు పెట్టాం. నాయిన మంచం మీద కూర్చుని క్రికెట్టు చూస్తున్నంత శ్రద్ధగా చూస్తున్నాడు.

అమ్మ ఒక్కొక్కటే పీల్చింది. ఉప్పు లేనిదాన్ని పట్టుకుని "ఇది సప్పగున్నది" అంది. సరిగ్గా చెప్పింది. నా భార్య మామూలుగా వేసేంత వేసిన గిన్నె దగ్గర మొహం చిట్లించి, "అబ్బ, ఉప్పు కషాయం" అని పక్కకు నెట్టింది. సగం వేసినదాన్ని దగ్గరికి లాక్కుని, "ఇగో, ఇది. ఉప్పంటే ఇట్లుండాలె" అంది.

మూడింటినీ విడదీసింది. ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. ఉప్పుకు వాసన లేకపోవచ్చు. కానీ ఉప్పు పడ్డ పప్పులోంచి పోపు వాసన, వెల్లుల్లి వాసన ఇంకాస్త గట్టిగా బయటికి వస్తాయేమో. అమ్మ ఉప్పును కాదు, ఉప్పు లేపిన మిగతావాటిని వాసన చూస్తోందేమో. కాలేజీలో ఒక్క మాస్టారూ ఈ సంగతి చెప్పలేదు. సగం గిన్నెను ఎందుకు సరిపోయింది అందన్న దాని మీద నేను పెద్దగా ఆగలేదు. ఇన్నాళ్ల బంద్ వల్ల ముక్కు మెత్తబడి ఉంటుంది అనుకున్నాను. నా భార్య ఏదో అనబోయి, ఇదివరకు ఆవకాయ జాడీ ఉండే చోటు వైపు ఒకసారి చూసి, గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. నీకేది బాగుంది అని నాయినకు మూడు గిన్నెలూ చూపించాను. చూసి, "అన్నీ మంచిగనే ఉన్నయి" అన్నాడు. ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, నీకేం తినాలని ఉంది, ఒక్కటి చెప్పు అని అడిగాను. రైలు కూత ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచి, అన్నాడు.

"సర్వపిండి జేస్తదేమో అడుగు."

ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టుకు పోయేటప్పుడు ఆయన టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ అదే ఉండేది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలపాలి. సర్వ అంటే అడుగు గుండ్రంగా ఉండే గిన్నె. దాని లోపలంతా నూనె రాసి, ఆ పిండిని అడుగుకూ గోడలకూ పలచగా అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద వదలాలి. తిరగెయ్యడం ఉండదు. గిన్నెకు అంటుకున్న వైపు ఎర్రగా కరకరలాడుతుంది, లోపలి వైపు మెత్తగా ఉంటుంది. ఒకటి అయ్యాక గిన్నె చల్లారితే గాని రెండోది అద్దలేం. అందుకే మా ఇంట్లో రెండు సర్వలున్నాయి. అంచు ముక్క కోసం చిన్నప్పుడు నేను నాయినతో పోట్లాడేవాణ్ణి. గెలిచినట్టు గుర్తు లేదు.

అమ్మ ఎంతో ఆశగా చేసింది. ఉప్పు లేకుండా. పల్లీలు ఎక్కువ వేసింది, నువ్వులు వేయించి వేసింది. వీధి మలుపు దాకా వాసన పోయింది. నాయిన అంచు ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. మిగతాది పళ్లెంలోనే ఉండిపోయింది. మంచిగనే ఉంది అన్నాడు కానీ ఈసారి ఆ మాట గోడ వైపు తిరిగి అన్నాడు. అమ్మ ఆ పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయి, చాలాసేపు బయటికి రాలేదు. డాక్టరు ఇచ్చిన పదిహేను రోజుల్లో సగం అప్పటికే గడిచాయి.

మర్నాడు వాన పడుతుంటే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మక్కబుట్టల బండి పక్కన నిలబడ్డాను. బండామె కంకి కాల్చి, నిమ్మచెక్కను ఉప్పులో అద్ది, కంకి మీద రుద్ది ఇచ్చింది. తింటున్నాను. తింటూ తింటూ ఆగాను. గింజ లోపల ఉప్పు లేదు. ఒక్క గింజలోనూ లేదు. అంతా పైపైనే ఉంది. అయినా కంకి మొత్తం ఉప్పగా ఉన్నట్టే నాలుక నమ్ముతోంది. మనం పిండిలో కలిపే ఉప్పులో ఎక్కువ భాగం నాలుకకు తగలకుండానే కడుపులోకి పోతోందన్నమాట. నాలుక తాకే చోట మాత్రమే వేస్తే, చిటికెడు చాలదూ? వానలో అలాగే నిలబడి ఇంకో కంకి కూడా తిన్నాను. ఒక్కసారి చూసి నిర్ణయానికి రావడం శాస్త్రీయం కాదు.

ఇంటికి వచ్చి చెప్పాను. పిండిలో ఉప్పు వద్దు, సర్వపిండి అయ్యాక పైన చిటికెడు చల్లుదాం, డాక్టరు చెప్పిన సగం చెంచాలో అది నాలుగో వంతు కూడా కాదు అని.

అమ్మ చేస్తున్న పని ఆపింది. "పైనుంచి ఉప్పు సల్లుడా? నేను వండినదాని మీదనా?"

వైద్యం కోసమే కదా అన్నాను. కంకి సంగతి వివరించాను. అమ్మ వినలేదు. బండి మీద అమ్మేదానికీ ఇంట్లో వండేదానికీ తేడా ఉంటుందని, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరూ తన వంట మీద ఉప్పు చల్లుకోలేదని, ఇప్పుడు ఆయన చేత ఆ పని చేయించి తన పరువు తీయొద్దని అంది. నాయినను అడిగాను. ఆయన పరిస్థితి చూసి నాకే జాలేసింది. "ఆమె వద్దంటే ఒద్దులే" అని దుప్పటి కప్పుకున్నాడు. ఒకరి పరువు కోసం ఇంకొకరు పస్తులుండటానికి ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. మధ్యలో గొట్టం ఎదురుచూస్తోంది.

చిక్కు విప్పింది నా భార్య. ఆమె అప్పటిదాకా ఉల్లాకు తరుగుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

"పైన వద్దండీ అత్తయ్యగారూ. పిండి అద్దే ముందు గిన్నెకి నూనె రాస్తారు కదా. ఆ నూనెలోనే చిటికెడు చల్లేస్తే సరి. దాని మీద పిండి అద్దుతారు. ఉప్పు అడుక్కి పోతుంది. పైన ఎవరు వేసినట్టు?"

అమ్మ ఆలోచించింది. నేనూ ఆలోచించాను. నూనెలో ఉప్పు కరగదు, పలుకుగానే ఉంటుంది. ఎర్రగా కాలే వైపుకే అంటుకుంటుంది. విరిచి నోట్లో పెట్టుకున్నప్పుడు మొదట నాలుకకు తగిలేదీ ఆ వైపే. పిండిని వాసన చూసే పని ఉండదు, పైన చల్లే పని ఉండదు. అమ్మ ముక్కూ పరువూ రెండూ క్షేమం. ఇంత పకడ్బందీ ఏర్పాటు మా ఆఫీసులో ఏ పాలసీలోనూ చూడలేదు.

"సర్వకు ఏస్తం. పిండికి కాదు" అని అమ్మ ఇంకోసారి ఖరారు చేసుకుంది.

నా భార్య రోజు తాలూకు సగం చెంచా ఉప్పు కొలిచి, అందులోంచి చిటికెడు తీసి అమ్మ చేతికి ఇవ్వబోయింది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఉప్పు చేతికి చేయి మార్చకూడదు, కొట్లాటలు వస్తాయి. కింద పెడితే తీసుకోవాలి. నా భార్య ఆ చిటికెడును మూత మీద పెట్టింది, అమ్మ మూత మీది నుంచి తీసుకుంది. ఇంట్లో గొడవ రాకుండా ఆ రోజు అమ్మ తీసుకున్న జాగ్రత్త అది.

నూనె రాసిన సర్వలో ఉప్పు పలుకులు మెరిశాయి. అమ్మ పిండి ముద్ద పెట్టి, తడి చేత్తో అడుగంతా పరుస్తూ గోడలదాకా తెచ్చింది. చిల్లులు పొడిచింది. మూత పెట్టి, మంట తగ్గించి, పొయ్యి ముందే నిలబడింది. ఆమె రెండుసార్లు అలవాటుగా మూత దగ్గర ముక్కు పెట్టడం, అందులో తాను తేల్చేదేమీ లేదని గుర్తొచ్చి వెనక్కి రావడం చూశాను.

అయ్యాక సర్వపిండి ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఎర్రటి వైపు కిందికి ఉండేలా పళ్లెంలో పెట్టి నాయిన ముందుంచింది. పైన ఏమీ లేదని ఆయన చూసుకోవాలని కాబోలు. ఆయన మొహమాటానికే అంచు విరిచాడు. కరకరలాడిన చప్పుడు మాకందరికీ వినిపించింది. నమిలాడు. నమలడం ఒక క్షణం ఆపి, మళ్లీ నమిలాడు. రెండో ముక్క విరిచాడు. అంచు చుట్టూ తిరిగి వచ్చి, మధ్యలోకి పోయాడు. రాలిన పల్లీ బద్దను వేలితో అద్దుకుని తిన్నాడు. నా భార్య చేతిలో ఉల్లాకు అలాగే ఉంది. పళ్లెం ఖాళీ అయింది.

"ఇంకొకటి అయితుందా?" అన్నాడు.

అమ్మ అప్పటికే రెండో సర్వకు నూనె రాస్తోంది. ఆమె మొహం నాకు కనబడలేదు కానీ చేతులు మాత్రం తొందరపడుతున్నాయి. మూత మీద మిగిలిన పలుకులు చల్లి, పిండి అద్ది, పొయ్యి మీద పెట్టి వచ్చి, గుమ్మంలో నిలబడింది. చేతుల నిండా బియ్యప్పిండి. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ అడగని మాట అడిగింది. బహుశా ఈ ఒక్కసారికి అది తన వంట కాదు, సర్వ చేసిన పని కదా అని ధైర్యం చేసి ఉంటుంది.

"ఉప్పు సరిపోయిందా?"

నాయిన వేలు నాక్కున్నాడు. పళ్లెం వైపు చూశాడు, తర్వాత అమ్మ వైపు చూశాడు. ఎంతో ప్రేమగానే అన్నాడు.

"పెండ్లయినకాడి సంది తింటున్న. ఉప్పు సరిపోయింది ఇయ్యాల్నే."